దిగని వృషణం: శస్త్రచికిత్సకు తగిన వయసు

మగబిడ్డ పుట్టేనాటికి వృషణాలు రెండూ కడుపులోంచి గజ్జ మీదుగా దిగి సంచిలోకి చేరాలి. ఒకటిగానీ రెండుగానీ దారిలోనే ఆగిపోతే దాన్ని దిగని వృషణం అంటారు. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు 3 మందిలోనూ, నెలలు నిండకుండా పుట్టినవారిలో నూటికి 30 మంది దాకానూ ఇది కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి మిగిలేది నూటికి ఒకరే. ఎక్కువమందికి తనంతట తానే సర్దుకుంటోంది కాబట్టి ఎదురుచూడటం తప్పు కాదు. అయితే ఆ ఎదురుచూపుకు హద్దు 6 నెలలు. ఆ తరువాత దిగడం చాలా అరుదు. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2014 మార్గదర్శకాలు 6 నెలలకు దిగకపోతే శస్త్రవైద్యుడికి చూపించి, 18 నెలలలోపు ఆపరేషన్ ముగించాలంటాయి. ఐరోపా వైద్యులు ఏడాదిలోపే ముగించడం మేలనీ, 18 నెలలు దాటనివ్వకూడదనీ అంటారు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఈ లెక్క పుట్టిన రోజు నుంచి కాక, కాన్పు కావలసిన రోజు నుంచి వేయాలి.

ఈ గడువు శరీరధర్మం పెట్టినది. పుట్టిన తొలి నెలల్లో మగబిడ్డ శరీరంలో పురుష హార్మోన్లు కొంతకాలం పెరిగి, ఆరో నెల ప్రాంతంలో తగ్గిపోతాయి. ఆలస్యంగా దిగే వృషణాన్ని దించేవి ఇవేనని భావిస్తారు. మొదటి ఏడాదిలోనే, వృషణంలోని మూలబీజకణాలు మున్ముందు శుక్రకణాలను పుట్టించే కణాలుగా మారాలి. సంచిలోని వేడి ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ. గజ్జలోనో కడుపులోనో ఉండిపోయిన వృషణంలో ఈ మార్పు కుంటుపడి, బీజకణాలు తగ్గుతూ పోతాయి. స్వీడన్ పరిశోధకులు ఒకవైపు వృషణం దిగని పిల్లలను చీటీ పద్ధతిలో విడదీసి, కొందరికి 9 నెలలకు, మిగతావారికి 3 ఏళ్లకు ఆపరేషన్ చేయించారు. ముందు చేయించుకున్న వారి వృషణమే బాగా పెరిగిందని 2007లో ప్రకటించారు. ఆలస్యంలో పోయేదేమిటో ఇంత సూటిగా చూపిన ఆధారం అరుదు.

దీనికి వచ్చే అభ్యంతరాలను కొట్టిపారేయకూడదు. ఒకవైపు మాత్రమే దిగనివారిలో నూటికి 90 మంది దాకా తండ్రులవుతున్నారు కదా, తొందరెందుకని ఒక ప్రశ్న. ఆ లెక్క నిజమే. కానీ రెండువైపులా దిగనివారిలో అది 65కి పడిపోతుంది. పైగా రెండోది ఎప్పటికీ బాగానే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మత్తుమందు భయం ఇంకా సహజమైనది. పాలు తాగే బిడ్డకు మత్తు ఇస్తారంటే ఏ తల్లి గుండె కలుక్కుమనదు? పసికందులపై వివిధ దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. గంటలోపు ఒక్కసారి ఇచ్చిన మత్తు వల్ల 5 ఏళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదు. దీర్ఘమైన మత్తుకు, పదేపదే ఇచ్చే మత్తుకు ఈ ధైర్యం వర్తించదు. పసిపిల్లల రక్తనాళాలు సన్నవి కాబట్టి, పిల్లల శస్త్రవైద్యుడూ పిల్లలకు మత్తు ఇచ్చి అలవాటున్న వైద్యుడూ ఉన్నచోటికే వెళ్లాలి. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరికో విజయవాడకో రైలెక్కాల్సి వచ్చినా అది వృథా ప్రయాణం కాదు.

ఈ ప్రాంతంలో అసలు చిక్కు గమనించడంలో ఉంది. బోదకాలు బాగా తెలిసిన గోదావరి జిల్లాల్లో వరిబీజం అంటే అందరికీ తెలుసు. వాపు కళ్లకు కనిపిస్తుంది, ఖాళీ సంచి కనిపించదు. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పుడు ఎంచుకున్న 30 సమస్యల్లోనూ ఇది లేదు. కొత్త వ్యవస్థ అక్కర్లేదు, ఉన్న తేదీలే చాలు. 14వ వారం టీకా నాడు ఏఎన్ఎం ఒకసారి తడిమి చూడాలి. అన్నప్రాశన నాటికీ దిగకపోతే వైద్యుడి దగ్గరకు, 9 నెలల తట్టు టీకాకల్లా ఆపరేషన్ తేదీ చేతికి. బుడమేరు, తమ్మిలేరు పొంగి లంక గ్రామాల దారులు మునిగే కొల్లేటి నాట ఈ తేదీలను వానాకాలం ముందుకో వెనక్కో జరపాల్సి వస్తుంది. ముందుకు జరపడమే నా సలహా. స్కానింగ్ కోసం తిరగనక్కర్లేదు. వెచ్చని చేతులతో తడమడమే దానికంటే నమ్మదగిన పరీక్ష. చలికో భయానికో పైకి లాక్కుపోయి, మళ్లీ సంచిలోకి వచ్చి నిలిచే వృషణానికి ఆపరేషన్ వద్దు. కానీ ఏటా చూపించాలి, ఎందుకంటే అలాంటివి కొన్ని పెరిగే వయసులో పైనే ఉండిపోతాయి. పుట్టగానే రెండూ చేతికి తగలకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది ప్రాణం మీదికి తెచ్చే అడ్రినల్ గ్రంథి లోపం కావచ్చు.

గడువు దాటిన పిల్లాడికి దారి మూసుకుపోలేదు. స్వీడన్‌లో ఆపరేషన్ అయిన 16,983 మందిని పరిశీలించిన 2007 నాటి అధ్యయనంలో, 13 ఏళ్లలోపు చేయించుకున్నవారికి వృషణ క్యాన్సర్ ముప్పు సాధారణ జనాభా కంటే 2.23 రెట్లు, ఆ తరువాత చేయించుకున్నవారికి 5.40 రెట్లు ఉంది. బడికి వెళ్లే వయసులో బయటపడినా వెంటనే చేయించాలి. ముప్పు కొంత మిగిలే ఉంటుంది కాబట్టి, యుక్తవయసు రాగానే నెలకోసారి స్నానం వేళ తడిమి చూసుకోవడం ఆ పిల్లాడికి నేర్పాలి.