వరి వేషం కట్టిన ఊద

నాట్లు పడిన మూడు వారాలకు కలుపు తీయడానికి మడిలో దిగిన మనిషి ముందు దుబ్బును పక్కకు తప్పించి ఆకు మొదలు చూస్తుంది. ఆకు కాడను విడిచి బయటికి వంగే చోట వరికి పల్చటి తెల్లపొర ఒకటి నాలుకలా లేచి ఉంటుంది. దానికి అటూ ఇటూ నూగుతో రెండు చిన్న చెవులుంటాయి. ఊదకు నాలుకా లేదు, చెవులూ లేవు. ఈ తేడా ఆమెకు ఏ పుస్తకమూ నేర్పలేదు. అమ్మ పక్కన వంగి నేర్చుకుంది. అయినా నారుమడిలో వరినారుతో పాటే పెరిగిన ఊద, నారు కట్టలో కలిసి వచ్చి, వరితో సమానంగా నాటుకుపోతుంటుంది. అంటే కలుపును మనమే చేత్తో నాటుతున్నామన్నమాట. ఎన్ను బయటపడ్డాక గుర్తుపట్టడం ఎవరికైనా తేలికే. కానీ అప్పటికే అది వరి తినాల్సిన ఎరువులో తన వాటా తినేసి ఉంటుంది.

ఇంతగా వరిని పోలిన గడ్డి మడిలోకి ఎలా వచ్చిందన్నది పాత ప్రశ్నే. జవాబే కొంచెం ఇబ్బంది పెడుతుంది. దాన్ని వరిలా మలిచింది కలుపు తీసిన చేతులే.

మనం ఊద అనే ఒక్క మాటతో పిలిచేది నిజానికి ఓ పెద్ద కుటుంబం. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఇందులో ఒకదానికి పానికమ్ క్రస్-గల్లీ అని పేరు పెట్టాడు. క్రస్-గల్లీ అంటే కోడికాలు. 1812లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పాలిసో ద బోవా ఈ గడ్డిజాతిని విడదీసి ఎకైనోక్లోవా అన్నాడు, ముళ్లపంది గడ్డి అని అర్థం. ఇద్దరూ ఎన్ను చూసే పేరు పెట్టారు. రైతుకు ఆ వెసులుబాటు లేదు.

ఈ కుటుంబం మొదటి నుంచీ శత్రువేమీ కాదు. చైనాలో యాంగ్‌జీ నది దిగువన ఉన్న షాంగ్‌షాన్ అనే పురాతన స్థలంలో, సుమారు 10,000 ఏళ్ల కిందటి పనిముట్ల మీద ఈ గడ్డిగింజల పిండి ఆనవాళ్లు దొరికాయి. వరిని ఇంకా పూర్తిగా మచ్చిక చేసుకోని రోజుల్లో మనుషులు రెంటినీ కలిపే దంచుకున్నారు. ఉత్తర జపాన్‌లో వరి అడుగుపెట్టక ముందే జోమోన్ ప్రజలు దీన్ని పెంచసాగారు. అక్కడ దొరికిన గింజలు తరాలు గడిచేకొద్దీ లావెక్కాయి. ఆ గింజకే జపాన్‌లో హియె అని పేరు. మన దేశంలో ఊద కుటుంబంలోని ఇంకో గడ్డి నుంచి ఊదలు పుట్టాయి. సంస్కృతంలో శ్యామాకమంటే అదేనని పండితులు సాధారణంగా ఒప్పుకుంటారు. శివాలయంలో చమకం చదివేటప్పుడు వచ్చే ధాన్యాల జాబితాలో వ్రీహి మొదట, శ్యామాకం చివరిదానికి ముందు వస్తాయి. ఆత్మ ఎంత చిన్నదో చెప్పడానికి ఛాందోగ్యోపనిషత్తు కొలతగా తీసుకున్నవాటిలో శ్యామాకపు గింజ ఉంది. కాళిదాసు శకుంతల లేడిపిల్లను పెంచింది పిడికెడు శ్యామాకం తినిపించే. ఉత్తరాఖండ్ కొండల్లో ఝంగోరా పేరుతో ఇదే నేటికీ పండుతోంది. మన పట్టణాల్లో సిరిధాన్యమంటూ పొట్లాల్లో అమ్ముతున్న ఊదలూ ఇవే. పొట్లం కొంటున్న వాళ్లలో ఎంతమందికి దీని దాయాది వరిమడిలో ఉందని తెలుసోగానీ!

తిండిగింజ కలుపుగా మారిన మలుపు చైనా పుస్తకాల్లో కనిపిస్తుంది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో తత్వవేత్త మెన్షియస్, సరిగా పండని మేలిధాన్యాల కంటే ఈ గడ్డిగింజలే నయమనే పోలిక వాడాడు. అంటే అప్పటికే దీని హోదా తగ్గింది. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో వ్యవసాయ గ్రంథం రాసిన ఫాన్ షెంగ్‌జీ మాత్రం ముంపుకీ ఎండకీ తట్టుకునే కరవుపంటగా దీన్ని వేయమన్నాడు. ఆరో శతాబ్దంలో జియా సిషియె రాసిన చీమిన్ యావ్‌షు వరకు వచ్చేసరికి మాట పూర్తిగా మారింది. ఏటేటా అదే నేలలో వరి వేస్తే గడ్డీ ఊదా కలిసి మొలుస్తాయి, కోస్తే చావవు, కాబట్టి వరిని పీకి తిరిగి నాటి కలుపు తీయాలి అన్నది అందులోని సారాంశం. నాట్లు దిగుబడి కోసమే పుట్టాయని అనుకుంటాం. ఆ పుస్తకం చెప్పే కారణం కలుపు. ఊరంతా మడిలో వంగే ఆ పని వెనక ఈ గడ్డి చెయ్యి కూడా ఉందన్నమాట.

నాటడం వల్ల కంటికి ఒక దారి దొరికింది. వరస తప్పి ఉన్నదీ, నేలమీద పరుచుకున్నదీ, కాడ ఎర్రబడ్డదీ కలుపే. వాటిని పీకేశారు. వరిలా నిటారుగా, పచ్చగా, బిగువైన దుబ్బుగా ఉన్నవి తప్పించుకున్నాయి. వాటి గింజే రాలింది, మరుసటేడు అదే మొలిచింది. ఇలా వందల తరాలు గడిచాయి. సాగుపంటల పుట్టుక వెతికిన రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ పేరు మీద ఈ వేషధారణను వావిలోవ్ అనుకరణ అంటారు. గోధుమ చేలల్లో కలుపుగా ఉన్న రై ఇలాగే పంటగా ఎదిగిందని ఆయన గమనించాడు. 1983లో స్పెన్సర్ బారెట్ కలుపు మొక్కల అనుకరణ మీద రాసిన వ్యాసంలో వరిమడి ఊదే ముఖ్య ఉదాహరణ.

రుజువు 2019లో వచ్చింది. చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫాన్ లాంగ్‌జియాంగ్ బృందం యాంగ్‌జీ పరీవాహకంలో సేకరించిన 328 ఊద మొక్కల జన్యువులను చదివింది. వరిని పోలిన ఊద, పోలని ఊద నుంచి సుమారు 1,000 ఏళ్ల కిందట విడిపోయినట్టు తేలింది. అది సాంగ్ రాజవంశపు కాలం. దక్షిణ చైనాలో జనాభా పెరిగి, వరిసాగు ముమ్మరమైన కాలం. 1012లో చక్రవర్తి త్వరగా పండే చంపా వరిని యాంగ్‌జీ రైతులకు పంచిపెట్టిందీ అప్పుడే. మడిలో కలుపు తీసే చేతులు పెరిగినకొద్దీ ఊద వేషం కుదురుకుంది. పిలకలు పక్కకు వాలకుండా నిలబెట్టే లేజీ1 అనే జన్యువు మీద ఆ ఎంపిక గుర్తులు కనపడ్డాయి. వరిలో పిలకల వాలును సరిచేసేదీ అదే జన్యువు. నాకైతే ఈ ఒక్క సంగతి చాలు, కలుపు కూలీని తక్కువగా చూడకూడదనడానికి. పేరు తెలియని లక్షలమంది ఆడవాళ్ల, మగవాళ్ల చూపు ఒక మొక్క ఒడ్డూపొడుగునే మార్చింది.

వేషం ఒక్కటే దీని బలం కాదు. మండుటెండలో వరి కంటే పొదుపుగా ఆహారం తయారుచేసుకునే సీ4 తరహా మొక్క ఇది. గాలి ఆడని బురదలోనూ దీని గింజ మొలకెత్తగలదు. వరి కోతకు ముందే గింజ రాల్చేస్తుంది. 1977లో హోమ్ బృందం ప్రపంచపు చెడ్డ కలుపు మొక్కల జాబితా వేసినప్పుడు తుంగ, గరిక తరవాత మూడూ నాలుగూ స్థానాలు ఊద కుటుంబానివే.

నీళ్లతో కూడా దీని మీద యుద్ధం చేశారు. కాలిఫోర్నియాలో వరిసాగు 1912లో వ్యాపారంగా మొదలైంది. ఊద ముంచెత్తేసరికి 1920ల్లో రైతులు మడినిండా లోతుగా నీళ్లు పెట్టి, ఆ నీళ్లలోనే విత్తనం చల్లడానికి మారారు. మామూలు ఊద తగ్గింది. దాని స్థానంలో ఆసియా నుంచి వరివిత్తనంతో పాటు వచ్చిన, నీళ్లను చీల్చుకుని లేచే చుట్టాలు స్థిరపడ్డాయి. మన దగ్గర 1960ల చివర్లో ఐఆర్8 లాంటి పొట్టి వరి వచ్చాక మరో తేడా వచ్చింది. పొడుగు పాతరకాల నీడలో అణిగి ఉండే కలుపుకు వెలుతురు, యూరియా రెండూ అందాయి.

ఇక మందుల కాలం. మొదట వచ్చిన 2,4-డి వెడల్పాకు కలుపును చంపింది, గడ్డిజాతిని వదిలేసింది. 1960ల మొదట్లో ప్రొపానిల్ వచ్చింది. వరి దగ్గర ఆ మందును విరిచేసే ఎంజైమ్ ఉంది, ఊద దగ్గర దాదాపు లేదు. అందుకే వరి బతికి ఊద చచ్చేది. ఏటా అదే మందు కొట్టారు. 1980ల్లో గ్రీసులోనూ, 1990 ప్రాంతంలో అమెరికాలోని అర్కాన్సాస్‌లోనూ చావని ఊద బయటపడింది. పరీక్షిస్తే అర్కాన్సాస్ ఊద వరి చేసే పనే తానూ చేస్తోందని, మందును లోపలే విరిచేస్తోందని తేలింది. వెయ్యేళ్ల కిందట రూపం కాపీ కొట్టింది, ఇప్పుడు లోపలి రసాయనం కూడా కాపీ కొట్టింది. తేడా ఒక్కటే: మొదటి వేషానికి వందల ఏళ్లు పట్టింది, దీనికి ముప్పై ఏళ్లు కూడా పట్టలేదు.

మన దగ్గర బుటాక్లోర్‌ను ఇసుకలో కలిపి చల్లిన రోజులు చాలామంది రైతులకు గుర్తే. తరవాత ప్రెటిలాక్లోర్, బిస్పైరిబాక్ సోడియం వచ్చాయి. 2021లో కలుపు మందుకు తట్టుకునే పూసా బాస్మతి రకాలు విడుదలయ్యాయి. నాటే కూలీలు దొరక్క గోదావరి జిల్లాల్లోనూ, తెలంగాణలోనూ వెదజల్లడం, డ్రమ్‌సీడర్‌తో విత్తడం పెరుగుతున్నాయి. ఆ పద్ధతిలో వరీ ఊదా ఒకేసారి మొలుస్తాయి, వరసలూ వయసులూ కలిసిపోతాయి. జియా సిషియె ఏ కారణం చెప్పి నాటమన్నాడో ఆ కారణం తిరిగి వచ్చింది. ఈసారి పొలంలో కలుపు తీసే కన్ను కూడా తక్కువ.

కాబట్టి రైతులకు ఒక మాట. మందు కొట్టిన పది పదిహేను రోజులకు మడిలో ఒక చుట్టు తిరగండి. అన్నీ మాడిపోయి అక్కడక్కడా పచ్చగా నిలిచిన ఊద మొక్కలు నాలుగే కదా అని వదిలేయకండి. వచ్చే ఏటి విత్తనం అవే. గింజ పట్టకముందే వేళ్లతో సహా పీకి, గట్టు మీద కాకుండా పొలం బయట పారేయండి.