ఏ ఇరుసుకు ఏ ఉక్కు? – అండమాన్ దీవులు చెప్పే కథ

1981 ఆగస్టులో ‘ప్రిమ్‌రోజ్’ అనే సరుకుల ఓడ తుపాను గాలికి కొట్టుకుపోయి అండమాన్‌లోని నార్త్ సెంటినెల్ దీవి దగ్గర పగడపు దిబ్బ మీద చిక్కుకుపోయింది. సిబ్బందిని హెలికాప్టర్లో రక్షించారు. ఓడ మాత్రం అక్కడే మిగిలింది. బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా బతికే సెంటినెలీలకు అది ఇనుప గనిలా దొరికింది. దాని లోహంతో వారు బాణపు ములుకులు చేసుకున్నారు.

అండమాన్ ఆదివాసులకు ఇది కొత్త విద్య కాదు. అంతకు పూర్వం ఎముకతో, ఆల్చిప్పతో పనిముట్లు చేసుకొన్న ఆ జనం, పగిలిన ఓడల నుంచి ఒడ్డుకు చేరిన ఇనుమును ఎంతోకాలంగా వాడుకుంటున్నారు. 19వ శతాబ్దంలో వారిని పరిశీలించిన వారు ఒక విశేషం గమనించారు. ఆ ఆదివాసులు ఇనుమును కొలిమిలో కాల్చరు. చల్లగా ఉండగానే రాతితో కొట్టి, సానరాతి మీద అరగదీసి రూపం ఇస్తారు.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. చల్లగా ఉండగా కొడితే సాగే ఉక్కు ఏది? కర్బనం తక్కువగా ఉన్న మెత్తని ఉక్కు. ఓడ పొట్టకు వేసే రేకులు అటువంటివే. గట్టిగా పదును పట్టించిన ఉక్కు రాతి దెబ్బకు లొంగదు, లేదా పగులుతుంది. అంటే వారి పనికి ‘మంచి ఉక్కు’ అన్నిటికంటే బలమైన ఉక్కు కాదు, ఆ పనికి ఒదిగే ఉక్కు. ఇంజనీర్లు ఈ సంగతి తెలుసుకోవడానికి వందేళ్లు పట్టింది. అందుకు ప్రాణాలు కూడా మూల్యంగా చెల్లించవలసి వచ్చింది.

చాథం రంపపు మిల్లు

1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస ఏర్పాటు చేసింది. ఇళ్లకూ రేవులకూ కలప కావాలి. అందుకని 1883లో చాథం అనే చిన్న ద్వీపంలో రంపపు మిల్లు నెలకొల్పారు. ఆసియాలోని పాత మిల్లుల్లో అది ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో దానిపై బాంబులు పడ్డాయి. బాంబు పడిన గుంటను సందర్శకులకు నేటికీ చూపిస్తారు. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక దీవుల్లో చెట్ల నరికివేత బాగా తగ్గింది.

పడాక్ వంటి గట్టి చేవ కలపను కోసే రంపాన్ని తిప్పేది ఒక ఉక్కు ఇరుసు. దాన్నే షాఫ్టు అంటాం. బెల్టు దాన్ని ఒక పక్కకు లాగుతుంది, దుంగ మరోపక్కకు నెడుతుంది. వంపు వల్ల ఇరుసు పైభాగం సాగితే కింది భాగం నొక్కుకుంటుంది. సగం చుట్టు తిరిగేసరికి సాగిన వైపు నొక్కుకుంటుంది, నొక్కుకున్న వైపు సాగుతుంది. ఇరుసు నిమిషానికి 600 చుట్లు తిరిగితే గంటకు 36,000 సార్లు ఇలా జరుగుతుంది. 28 గంటల్లో పది లక్షలు దాటిపోతుంది!

ఇరుసు విరిగితే కొత్త కడ్డీ రావలసింది దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం అవతల నుంచి. మద్రాసు అంత దూరంలో ఉంది. కనుక దీవుల్లో ఉక్కు ఎంపికలో పొరపాటు చేస్తే వారాల తరబడి పని ఆగిపోతుంది.

విరగకూడని చోట విరిగిన ఇరుసు

1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజను ఇరుసు పుటుక్కున విరిగింది. పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కి మంటలు లేచాయి. యాభై మందికి పైగా చనిపోయారు. ఇరుసు మీద బరువు అది ఓర్చుకోగలిగినంతే. మరి ఎందుకు విరిగింది? వాడకం వల్ల ఇనుము ‘స్ఫటికాలుగా మారి’ పెళుసెక్కిందని చాలామంది నమ్మారు. స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ 1843లో వేరే మాట చెప్పాడు. ఇరుసు మందం ఒక్కసారిగా మారే మూలలో సన్నని బీట పుట్టి, మెల్లమెల్లగా లోపలికి పాకుతుందని వివరించాడు. ఆ మూలను నిటారుగా కాక గుండ్రని వంపుతో చెక్కాలని సూచించాడు.

తరువాత జర్మన్ ఇంజనీరు వోలర్ రైలు ఇరుసులను యంత్రాల మీద లక్షల చుట్లు తిప్పి చూశాడు. 1870 నాటికి అతను తేల్చిన విషయం ఇది. ఒక్కసారి లాగితే తెగని ఉక్కు, అంతకన్నా చాలా తక్కువ బలాన్ని లక్షలసార్లు ప్రయోగిస్తే తెగుతుంది. అయితే ఒక హద్దుకు దిగువన ఉంచితే ఎన్నిసార్లు తిప్పినా తెగదు. దీనినే ‘ఓర్పు హద్దు’ అనవచ్చు. పొడిగా, నునుపుగా ఉన్న ఉక్కుకు ఈ హద్దు దాని తన్యతా బలంలో సుమారు సగం ఉంటుంది. ఈ జబ్బుకు ‘లోహపు అలసట’ అని పేరు.

అలాగైతే తన్యతా బలం పెంచితే హద్దు కూడా పెరుగుతుంది కదా? పెరుగుతుంది. మిశ్రమ ఉక్కుల చరిత్ర ఇక్కడే మొదలవుతుంది.

వూట్జ్ నుంచి ఈఎన్ 24 దాకా

మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో తయారైన ‘వూట్జ్’ ఉక్కు దేశదేశాల్లో పేరు పొందింది. దాని రహస్యం తెలుసుకోవాలని మైకేల్ ఫారడే 1819లో భారతీయ ఉక్కును విశ్లేషించాడు. ఆపై స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో వేరే లోహాలు కలిపి ప్రయోగాలు చేశాడు. వూట్జ్ రహస్యం అతనికి చిక్కలేదు గాని, లోహాలు కలిపి ఉక్కు గుణం మార్చవచ్చనే దారి తెరుచుకుంది. 1868లో మషెట్ టంగ్‌స్టన్ ఉక్కు, 1882లో హాడ్‌ఫీల్డ్ మాంగనీస్ ఉక్కు, 1889లో రైలీ నికెల్ ఉక్కు గురించి వెల్లడించారు.

ఈ లోహాలు ఏం చేస్తాయి? ఎర్రగా కాల్చిన ఉక్కును నూనెలో ముంచితే పైపొర త్వరగా చల్లారి గట్టిపడుతుంది. లోపలి భాగం నిదానంగా చల్లారి మెత్తగానే ఉండిపోతుంది. క్రోమియం, నికెల్, మాలిబ్డినం కలిస్తే నిదానంగా చల్లారినా గట్టిపడుతుంది. పదును కడ్డీ నడిమి దాకా చేరుతుంది. నికెల్ దానికి తోడు దెబ్బకు పగలని గుణం కూడా ఇస్తుంది. నికెల్ క్రోమియం ఉక్కులకు పట్టే ఒక రకం పెళుసుదనాన్ని మాలిబ్డినం అదుపు చేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, బ్రిటన్ ఈ ఉక్కులకు ‘ఈఎన్’ అంకెలు ఇచ్చింది. ఆ పేర్లు మన వర్కుషాపుల్లో నేటికీ వాడుకలో ఉన్నాయి. ఈఎన్ 8 లో 0.4 శాతం కర్బనం ఉంటుంది, మిశ్రమ లోహాలు దాదాపు లేవు. ఈఎన్ 19 లో క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. ఈఎన్ 24 లో వాటితోపాటు సుమారు 1.5 శాతం నికెల్ ఉంటుంది.

పుస్తకంలో బలం అంకె చూసి కడ్డీ కొనేవారు ఇక్కడే మోసపోతారు. పదును పట్టిన ఈఎన్ 8 కు 700 నుంచి 850 మెగాపాస్కళ్ల బలం రాసి ఉండవచ్చు. అది 19 మిల్లీమీటర్ల సన్న కడ్డీకే. లావు కడ్డీలో నడిమి దాకా ఆ బలం రాదు. ఈఎన్ 24 అయితే 100 మిల్లీమీటర్లు దాటిన కడ్డీలో కూడా 850 నుంచి 1,000 మెగాపాస్కళ్లు ఇస్తుంది. కాబట్టి సన్నని ఇరుసుకు ఈఎన్ 24 కొనడం డబ్బు దండుగ కావచ్చు. లావు ఇరుసుకు ఈఎన్ 8 కొనడం ప్రమాదం కావచ్చు.

ఇంకో సంగతి. మిశ్రమ ఉక్కు వాడితే ఇరుసు తక్కువ వంగుతుందని అనుకోకండి. అన్ని ఉక్కుల స్థితిస్థాపక గుణకం ఇంచుమించు ఒకటే, దాదాపు 200 గిగాపాస్కళ్లు. వంపు తగ్గాలంటే ఇరుసు లావు పెంచవలసిందే.

ఉప్పునీటి తీర్పు

ఇక ఓడ ప్రొపెల్లరు ఇరుసు సంగతి చూద్దాం. నిమిషానికి 100 చుట్లు తిరిగినా రోజుకు 1,44,000 చుట్లు. అంత శ్రమపడే ఇరుసుకు అన్నిటికంటే బలమైన మిశ్రమ ఉక్కే వాడతారని మీరు ఊహించవచ్చు. కాని సాధారణంగా వాడేది మధ్యరకం బలం ఉన్న కర్బన ఉక్కు!

కారణం 1920లలో తెలిసింది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో మెకాడం ఉక్కు కడ్డీలను నీటితో తడుపుతూ అలసట పరీక్షలు చేశాడు. తుప్పు, అలసట కలిసి పనిచేసినప్పుడు వోలర్ చెప్పిన హద్దు మాయమైంది. పైగా బలమైన ఉక్కు, మామూలు ఉక్కు దాదాపు ఒకే స్థాయికి దిగజారాయి. తుప్పు చేసే చిన్న చిన్న గుంటలే బీటలకు విత్తనాలు. స్టెయిన్‌లెస్ రకాలు మాత్రమే కొంత మెరుగు.

అందుకే నౌకల వర్గీకరణ సంస్థల నియమాల్లో, ప్రొపెల్లరు ఇరుసు లెక్క కట్టేటప్పుడు ఉక్కు బలం ఎంత ఉన్నా 600 మెగాపాస్కళ్లకు మించి లెక్కలోకి తీసుకోరాదని ఉంది. బలం కొనడం కన్నా కంచు తొడుగు వేసి నీటిని ఇరుసుకు తగలకుండా ఆపడం మేలు.

దీవులకు ఇంకో చిక్కు కూడా ఉంది. దూరపు రేవులో ఇరుసు దెబ్బతింటే వెంటనే వెల్డింగు చేయాలనిపిస్తుంది. ఈఎన్ 24 ను ముందుగా వేడి చేయకుండా వెల్డింగు చేస్తే అతుకు పక్కనే పగులుతుంది. బాగుచేయడం ఎంత సులువు అన్నది కూడా ఉక్కు గుణాల్లో ఒకటని మరచిపోకూడదు.

కనుక మీలో ఎవరైనా రేపు ఇంజనీరై లేతు ముందు నిలబడి కడ్డీ ఎంచవలసి వస్తే, ‘అన్నిటికంటే బలమైనది ఏది?’ అని మొదలుపెట్టకండి. బలం ఒకేవైపు పడుతుందా, తిరగబడుతుందా? ఇరుసు ఎంత లావు? మూలలు, కీ గాడులు గుండ్రంగా ఉన్నాయా? నీరు తగులుతుందా? విరిగితే ఎవరు, ఎక్కడ బాగుచేస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే సరైన అంకె దానంతటదే తేలుతుంది.

ప్రిమ్‌రోజ్ ఇనుమును బాణపు ములుకులుగా మలచుకొన్న వారు ఏ పట్టికా చూడలేదు. తమ చేతిలోని రాయికి లొంగి, తమ వేటకు పనికొచ్చే లోహాన్ని వాడుకున్నారు. పట్టికలు చూసే మనం కూడా చివరకు చేయవలసింది అదే.