బుల్లెట్ ముందు బ్రేకు కథ

బుల్లెట్ గురించి రాసేవాళ్ళంతా ఇంజను చప్పుడు గురించే రాస్తారు. దాన్ని ఆపే బ్రేకు సంగతి ఎవరికీ పట్టదు. ముదలియార్‌పేటలో మన మాజీ సైనికులు కొందరు పాత బుల్లెట్లు ఇంకా నడుపుతున్నారు. ముందు బ్రేకు మార్పించాలా వద్దా అని అడుగుతుంటారు గనుక ఈ నాలుగు మాటలు.

1954 నవంబరు 1న పుదుచ్చేరి ఫ్రెంచివారి చేతుల్లోంచి మనకు వచ్చింది. మరుసటి ఏడాదే ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. ఫ్యాక్టరీ తిరువొత్తియూర్‌లో. పటాలానికి బుల్లెట్లు కావలసి రావడం అందుకు పెద్ద కారణం. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది గానీ, తిరువొత్తియూర్ బండి ఆగలేదు. దాంతోపాటు ఆ పాత కాలపు బ్రేకు కూడా చాలా ఏళ్ళు అట్లాగే సాగింది.

అది ఆరంగుళాల డ్రమ్ము. లోపల రెండు షూలు, వాటిని తెరిచే క్యామ్ ఒక్కటే. తిరిగే డ్రమ్ము ఒక షూను తనలోకి లాక్కుంటుంది, రెండోదాన్ని వెనక్కి నెడుతుంది. అంటే నిజంగా పనిచేసేది ఒకటే. తర్వాత ఏడంగుళాల డ్రమ్ము వచ్చింది. దానికి రెండు క్యామ్‌లు, మధ్యన ఒక లింకు రాడ్డు, రెండు షూలూ పట్టేవే. కాకపోతే బండి వెనక్కి జారేటప్పుడు ఇది సరిగా పట్టదు. ఎత్తులో నిలపాలంటే కాలి బ్రేకే దిక్కు.

పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్తవాటికి ఇది తారుమారైంది. మారనిది కుడిచేతిలోని ముందు బ్రేకు ఒక్కటే! అయినా మనవాళ్ళు దాన్ని ముట్టుకోరు, పల్టీ కొడతామని భయం. ఇసుక మీద, మలుపులో ఆ భయం నిజమే. తిన్నని రోడ్డు మీద మాత్రం బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. బండిని ఆపేది ముందు చక్రమే.

1980ల్లో ఇదే కంపెనీ ఫ్యూరీకి ముందు డిస్కు పెట్టింది. 2000 తర్వాత ఎలక్ట్రా వంటి బుల్లెట్లకూ వచ్చింది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది.

ఇక పాతదానికి డిస్కు పెట్టాలంటే ప్లేటు ఒక్కటి బిగిస్తే చాలదు. క్యాలిపర్ పట్టే ఫోర్కు కాలు, హబ్బు, హ్యాండిల్ మీద మాస్టర్ సిలిండర్ అన్నీ మారాలి. నా సలహా అడిగితే, ఆరంగుళాలది ఉన్నవారు ఏడంగుళాల డ్రమ్ము, దాని హబ్బుతో సహా వేయించుకోండి. రెండు షూలూ ఒకేసారి తగిలేట్టు లింకు రాడ్డును సరిచేయించండి. చాలామంది మెకానిక్కులు ఆ పని వదిలేస్తారు, దగ్గర నిలబడి చేయించుకోవాలి. మనది సముద్రపు గాలి, కేబుల్ లోపల తుప్పు పడుతుంది. వానలకు ముందే కేబుల్ కొత్తది వేయించండి.