రాతి అచ్చు బొమ్మలు – వాని సేకరణము



మన చందనవెల్లి, చేవెళ్ల ప్రాంతముల ఇండ్లలో పరచెడి తాండూరు బండ సున్నపురాతి జాతిలోనిది. ఆ జాతిలోనే మిక్కిలి సన్నని పొడిగల రాయి యొకటి జర్మనీలోని బవేరియా సీమలో దొరకును. 1796 ప్రాంతమున సెనెఫెల్డరు అను నాటకకర్త తన కృతులను చౌకగా అచ్చువేసికొనగోరి, ఆ రాతితో ముద్రించు ఉపాయమును వెదకసాగెను. కొలది యేండ్లలోనే అది ఫలించెను. జిడ్డునకును నీటికిని పొత్తు కుదరదు గదా! జిడ్డుగల బలపముతో రాతిపై బొమ్మ గీసి తడిపినచో, గీయని చోట నీరు నిలిచి సిరాను రానీయదు. గీసినచోటనే సిరా అంటును. దానిపై కాగితముంచి యొత్తగా బొమ్మ దిగును. ఇదియే శిలాముద్రణము, లిథోగ్రాఫు అనియు నందురు.

మన పెద్దలు పటములు కట్టించిన రవివర్మ బొమ్మలు ఇట్టి రాతి అచ్చులే. 1894లో బొంబాయిలో వెలసిన ఆయన ముద్రణాలయము లక్ష్మీసరస్వతులను సామాన్యుల ఇండ్లకు చేర్చెను. అయినను అవి తైలచిత్రములను చూచి పనివారు రాతిపై దింపిన ప్రతులు. చిత్రకారుడు ముద్రణకొరకే స్వయముగా రాతిపై గీసినచో, అచ్చుపడిన ఆ కాగితమే మూలచిత్రము. సేకరించువారు దీనికే ఎక్కువ వెల నిత్తురు.

స్పెయిను దేశీయులు ఈ విద్యలో గొప్ప పేరు గడించిరి. గోయా తన దేశమును వీడి ఫ్రాన్సులోని బోర్డో పట్టణమున నుండి, 1825లో, ఎనుబదియేండ్లకు చేరువైన వయసున, ఎద్దుల పోరాటములను నాలుగు చిత్రములుగా గీసెను. ఒక్కొక్కటి నూరు ప్రతులు తీయబడెను. 1945లో పికాసో పారిసునందలి మూర్లో ముద్రణశాలలో ఈ పనికి పూనుకొనెను. పిమ్మట మిరో, తాపియెస్ అనువారును పెక్కు రాతి అచ్చులు వేసిరి. వీరి చిత్రములలో అనేకములందు మనిషియో చెట్టో గుర్తుపట్టరాదు. ఇదేమి బొమ్మయని నవ్వకుడు. మన ముంగిట మెలికల ముగ్గు దేనికి ప్రతిరూపము? గీతల పొందికయే దాని సొగసు.

ఇట్టి అమూర్తకళలో మన తెలుగువాడును కీర్తి నొందెను. చిత్తూరు జిల్లాలో 1925లో జన్మించిన కృష్ణారెడ్డిగారు పారిసులో హేటరుగారి ఆటెలియే 17 అను శాలలో కృషిచేసిరి. మిరోయు ఆ శాలలో పనిచేసినవాడే. రెడ్డిగారు రాతికి మారుగా లోహపు పలకను చెక్కి, చిక్కని, పలుచని సిరాలతో ఒకే పలకనుండి పలురంగులు దింపు పద్ధతిని వృద్ధిచేసిరి. 1972లో పద్మశ్రీ నందిరి. 2018లో న్యూయార్కున గతించిరి.

ఇక సేకరణమున మెలకువలు. బొమ్మ అడుగున పెన్సిలుతో 12/75 అని యున్నచో, తీసిన డెబ్బదియైదు ప్రతులలో అది పండ్రెండవ సంఖ్య గలదని అర్థము. ప్రక్కన చేవ్రాలుండును. ప్రతులు ముగియగానే రాతిని అరగదీయుటయో, బొమ్మపై అడ్డగీతలు గీయుటయో వాడుక. ప్రతులు మితముగా నుండుటచేతనే వెల.

అయినను చేవ్రాలొక్కటియే ప్రమాణము కాదు. 1974లో అండోరా సరిహద్దున ఫ్రెంచి అధికారులు ఒక బండిని ఆపగా, స్పెయిను చిత్రకారుడు డాలీ చేవ్రాలుగల ఖాళీ కాగితములు సుమారు 40,000 బయటపడెను! అట్టి కాగితముపై ఎవరేమి అచ్చొత్తినను కొనువాడు మోసపోవును గదా. చేవ్రాలు నిజమే, బొమ్మ అబద్ధము.

కావున భూతద్దముతో చూడవలెను. చుక్కలు నేతబట్టవలె వరుసలు తీరియున్నచో అది యంత్రముతో తీసిన నకలు. బలపపు గరుకు, వరుసలేని చుక్కలు కానవచ్చినచో అది రాతి అచ్చు కావచ్చును. మీ అటకలపైని పాత రవివర్మ పటములనుగూడ ఇట్లు చూచి, పిమ్మటనే పారవేయుటయో దాచుటయో నిశ్చయింపుడు. వానిని వెదకి కొనువారు నేడును కలరు.