మతి తప్పుట: ముసలితనమా, వ్యాధియా?

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము బెంగుళూరు రైలుమార్గముపై వరుసగా నున్న ఊళ్ళు. కన్నడదేశపు పొలిమేర దగ్గరగుటచే ఇక్కడ తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ కూడ వినబడును. అరవై యేండ్లు వచ్చినవారికి మతి తారుమారగునని చెప్పు "అరవత్తక్కె అరళు మరళు" అను కన్నడ సామెత ఇట్టి చోట్ల కొత్త కాదు. తెలుగువారు దీనినే చాదస్తమనిరి. తల నెరయుట యెట్లో మతి తప్పుటయు అట్లే వయోధర్మమని లోకము నమ్మెను. ఈ నమ్మకము తప్పని తేలుటకు డెబ్బదియైదేండ్లు పట్టినది. ఆ కథ తెలిసికొందము.

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు మానసిక వైద్యశాలకు ఆగస్టె డెటర్ అను 51 సంవత్సరముల స్త్రీని తీసికొనివచ్చిరి. అలోయిస్ ఆల్జీమర్ అను వైద్యుడు ఆమెను పేరడిగెను. "ఆగస్టె" అని చెప్పెను. భర్త పేరేమని అడుగగా మరల తన పేరే చెప్పెను. పేరు వ్రాయుమన్నచో నడుమ ఆగిపోయి, తన్ను తానే పోగొట్టుకొన్నట్లు చెప్పుకొనెడిది. 1906 ఏప్రిలులో ఆమె మరణించెను. అప్పటికి మ్యూనిక్ నగరమునకు మారియున్న ఆల్జీమర్ ఆమె మెదడును అక్కడికి తెప్పించుకొని పరీక్షించెను.

ఒకే రంగు పట్టునకు ఒక తీరుగను, నూలునకు వేరొక తీరుగను అంటునని ధర్మవరపు నేతగాండ్రకు తెలియును. మెదడును పరీక్షించువారికి ఉపకరించినదియు ఇట్టి గుణమే. సన్నని పొరలుగ కోసిన మెదడు రంగు వేయనిదే సూక్ష్మదర్శినిలో స్పష్టముగ కనబడదు. బీల్‌షోవ్‌స్కీ కనిపెట్టిన వెండి లవణముల పద్ధతితో చూడగా, నాడీకణములలో పోగులు చిక్కుపడిన దారమువలె ఉండెను. కణముల నడుమ మచ్చలు కనబడెను. 1906 నవంబరు 3న ట్యూబింగెన్ సభలో ఆల్జీమర్ ఈ సంగతి చెప్పినపుడు దానిపై చర్చయే జరుగలేదు. 1910లో క్రేపెలిన్ తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టెను.

అయినను అది నడివయసున అరుదుగ వచ్చు జబ్బనియే అనుకొనిరి. 1968లో ఇంగ్లండునందలి న్యూకాసిల్‌లో బ్లెస్డ్, టామ్లిన్సన్, రాత్ అనువారు వృద్ధుల మెదళ్ళలోని మచ్చలను లెక్కించిరి. మచ్చలు హెచ్చిన కొలది బ్రతికియున్నప్పటి మతిభ్రంశమును హెచ్చుగ ఉండెనని తేలెను. ముసలివారికి సాధారణముగ వచ్చునదియు ఆ వ్యాధియేయని 1976లో కాట్జ్‌మన్ వాదించెను.

ఈ భేదము ఇండ్లలో చాల పెద్దది. పెనుకొండలోని మా మేనత్తగారు చివరి యేండ్లలో మా పేర్లను, పిదప ముఖములను మరచిరి. భోజనమైన గడియకే కోడలు అన్నము పెట్టలేదని వీధిలో చెప్పెడివారు. ఇరుగుపొరుగువారు కొందరు కోడలిని, కొందరు ఆమెను నిందించిరి. తప్పు ఇద్దరిదియు కాదు. కొత్త సంగతులను భద్రపరచు మెదడు భాగమును ఈ వ్యాధి ముందుగ చెరచును. చేతిపనుల నేర్పు వేరు భాగములలో నుండును. అందుచేతనే పూలబుట్ట ముందుంచినచో ఆమె వ్రేళ్ళు ఎప్పటివలెనే మాల కట్టెడివి. మా ఇంటివారు ప్రతి సాయంకాలము బుట్ట తెచ్చి ఉంచెడివారు. ఆ వేళ ఆమె మాకు తెలిసిన అత్తయే.

మన తెలుగునాటి పరిశోధన యొకటి కలదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి, వారి సహచరులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారికి, ఒకే భాష తెలిసినవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ వ్యాధి పొడసూపెను. చదువురానివారిలోను ఇట్లే ఉండెను. హిందూపురపు సంతలో రెండు మూడు భాషలతో బేరమాడువారికి ఇది వినదగిన మాట.

2023లో వెలువడిన ఒక అంచనా ప్రకారము మనదేశమున అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మందికి, మతిభ్రంశము కలదు. పోయిన జ్ఞాపకమును తిరిగి తెచ్చు మందు లేదు. కాని థైరాయిడు లోపము, బి12 విటమిను లోపము వలన వచ్చు మతిమరుపు చికిత్సకు లొంగును. కావున వైద్యునికి చూపుట మొదటి పని. పై మూడు ఊళ్ళవారికి బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ రైలుదూరముననే యున్నది. ఉపాధ్యాయులు ఈ సంగతి తరగతిలో చెప్పినచో, అడిగినదే అడుగు అవ్వకు విసుగుకొనక మరల బదులు చెప్పు మనుమలు కొందరైనను తయారగుదురు.