గ్రహణాల వెంట: నూజివీడు, కృష్ణా మండలం

సూర్యగ్రహణాలను, ధ్రువకాంతులను ఉద్యోగంగా కాక ఇష్టంతో వెంటాడి చూసే అలవాటు, వాటిని ఫోటోల్లో నిలిపే అలవాటు తెలుగువారికి కొత్తవి కావు. వాటి చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ 1868 ఆగస్టు 18. ఆ ఉదయం చంద్రుడి నీడ పడమటి కనుమలు దాటి, దక్కను మీదుగా సాగి, గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతంలోకి వెళ్ళింది. మామిడి తోటలకు పేరుపడ్డ నూజివీడు ఆ నీడ నడిగీతకు కొంత ఉత్తరాన, పూర్ణగ్రహణం కనిపించే పట్టీ లోపలే ఉంది. అప్పటికి గుంటూరు వేరే జిల్లా కాదు. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాలోనే గుంటూరు, బందరు (మచిలీపట్నం), నూజివీడు జమీందారీ మూడూ ఉండేవి. 1904లో గాని గుంటూరు విడిపోలేదు. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. కాబట్టి ఈ వ్యాసంలో కృష్ణా మండలం అన్నప్పుడు ఆ పాత జిల్లాయే ఉద్దేశం.

పట్టు, విడుపు

గ్రహణాన్ని ముందుగా లెక్కకట్టడం ఇక్కడ దూరదర్శినుల కంటే చాలా పాత విద్య. సిద్ధాంత గ్రంథాల పద్ధతిలో పంచాంగకర్తలు పట్టు, మధ్యకాలం, విడుపు వేళలను ఘడియల్లో, విఘడియల్లో చెప్పేవారు. జనం ఆ వేళలకు పట్టు స్నానం, విడుపు స్నానం చేసేవారు. ఇంట్లో ఆవకాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భలు వేసేవారు. గర్భిణులను గడప దాటనిచ్చేవారు కాదు. గ్రహణం రోజు దాదాపు అన్ని గుళ్ళూ మూసినా శ్రీకాళహస్తి ఆలయం మాత్రం తెరిచే ఉంటుంది. పసుపు నీళ్ళ పళ్ళెంలోనో పేడ కలిపిన నీళ్ళలోనో సూర్యబింబపు నీడను చూడటం పల్లెల్లో ఉన్న అలవాటు. గ్రహణాన్ని చూడాలన్న కోరిక భయంతో పాటే ఉండేదనడానికి ఇదే నిదర్శనం. అయితే నీళ్ళలో కనిపించే ప్రతిబింబం కూడా కంటికి క్షేమం కాదు.

పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో రోకలిని నిలబెట్టడం తెలుగు ఊళ్ళలో ఇప్పటికీ జరుగుతుంది. రోకలి నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుందని 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు మామూలు రోజుల్లో నిలబెట్టి చూపుతూ వచ్చాయి. వాదించడం కంటే అలా చేసి చూపడమే మంచి పద్ధతి.

1868: గుంటూరు, బందరు

పంతొమ్మిదో శతాబ్దం నడిమి వరకు గ్రహణ పరిశీలన అంటే ప్రధానంగా వేళలు కొలవడమే. 1851 జులై 28న కోనిగ్స్‌బర్గ్‌లో బెర్కోవ్‌స్కీ తీసిన డాగెరోటైపుతో సంపూర్ణ గ్రహణపు తొలి మంచి ఫోటో వచ్చింది. 1860లో స్పెయిన్‌లో తీసిన ఫోటోలు, నల్లని చంద్రబింబం అంచున కనిపించే ఎర్రని జ్వాలలు చంద్రుడివి కావని, సూర్యుడివేనని తేల్చాయి. ఆ జ్వాలలు దేనివన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దానికి జవాబు చెప్పగల పరికరం, వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని. 1868 గ్రహణం నాటికి అది సిద్ధంగా ఉంది. పైగా ఆ గ్రహణం చాలా పొడవైనది. సంపూర్ణ స్థితి సయాం సింధుశాఖ దగ్గర ఆరున్నర నిమిషాలు దాటితే, గుంటూరులో ఐదు నిమిషాలకు పైగా నిలిచింది.

అందుకే ఆ ఆగస్టులో యూరప్ దృష్టి కృష్ణా జిల్లా మీద పడింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో పరికరాలు అమర్చుకున్నాడు. అదే ఊళ్ళో మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళాడు. వానాకాలం కావడంతో అందరికీ మబ్బుల భయమే. గుంటూరులో పల్చని మబ్బు కమ్మినా పని ఆగలేదు.

టెన్నెంట్ బృందం తొమ్మిది అంగుళాల అద్దపు దూరదర్శినితో ఆరు ఫోటోలు తీసింది. ఈ సంఖ్య చిన్నదిగా అనిపించవచ్చు గాని, అప్పటి పద్ధతి తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీయాలి. ఆ వెంటనే చీకటి గదిలో కడగాలి. ఆగస్టు ఉక్కలో, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పలకలు అందించుకుంటూ చేసిన పని అది. సూర్యుడి అంచు నుంచి కొమ్ములా ఎగసిన ఒక పెద్ద జ్వాల ఆ పలకల మీద స్పష్టంగా పడింది. తెలుగు నేల మీద జరిగిన గ్రహణ ఛాయాగ్రహణంలో ఇంతకన్నా గట్టి పని తర్వాత చాలాకాలం కనిపించదు.

జాన్సెన్ చూసినది మరింత లోతైనది. జ్వాలల వర్ణపటంలో ఎడతెగని రంగుల పట్టీ లేదు, వెలిగే గీతలే ఉన్నాయి. అంటే అవి మండే వాయువులు, ముఖ్యంగా ఉదజని. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేనప్పుడు కూడా వాటిని పట్టుకోవచ్చని ఆయనకు అక్కడికక్కడే తోచింది. మర్నాటి పొద్దున, మామూలు ఎండలో, వర్ణపటదర్శిని చీలికను సూర్యుడి అంచుకు ఆనించి పెట్టి చూశాడు. గీతలు కనిపించాయి. ఆకాశపు వెలుగు వర్ణపటంలో పరుచుకుని పలచబడుతుంది, జ్వాల వెలుగు మాత్రం కొన్ని గీతల్లోనే చిక్కగా నిలుస్తుంది. కిటుకు ఇంతే. ఆ తర్వాత మరో రెండు వారాలకు పైగా ఆయన గుంటూరులోనే రోజూ జ్వాలలను గమనించాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని స్వతంత్రంగా అక్టోబరు 20న సాధించాడు. ఇద్దరి లేఖలూ పారిస్‌లోని విజ్ఞాన అకాడెమీ ముందుకు ఒకే రోజు, అక్టోబరు 26న వచ్చాయి. తర్వాత ఆ అకాడెమీ ఇద్దరి ముఖాలతో ఒక పతకాన్ని వెలువరించింది.

హీలియం గుంటూరులోనే దొరికిందన్న మాట తెలుగునాట తరచుగా వినిపిస్తుంది. అది సగమే నిజం. జ్వాలల వర్ణపటంలోని పసుపు గీతను ఆనాడు చాలామంది సోడియం గీతగానే అనుకున్నారు. అది సోడియం గీత ఉండవలసిన చోట సరిగ్గా లేదని గమనించి రాసినవాడు మచిలీపట్నంలో ఉన్న పోగ్సన్. ఆ గీత భూమి మీద తెలియని మూలకానిదని తేల్చి హీలియం అని పేరు పెట్టినవాడు లాకియర్. 1895లో విలియం రామ్సే దాన్ని ఒక ఖనిజం నుంచి వేరుచేసేదాకా చాలామంది నమ్మలేదు. గుంటూరుకు దక్కవలసిన అసలు ఘనత వేరే ఉంది: గ్రహణం కోసం ఎదురుచూడకుండా సూర్యుడి జ్వాలలను చూడవచ్చని తెలిసింది అక్కడే. బందరుకు దక్కవలసినది మాత్రం ఇప్పటికీ సరిగా దక్కలేదు.

ఈ గ్రహణానికి విషాదపు పుట కూడా ఉంది. సయాం రాజు మాంగ్‌కుట్ స్వయంగా లెక్కలు కట్టి, అతిథులను వెంటబెట్టుకుని వాకో అనే చోటికి వెళ్ళి చూశాడు. లెక్క తప్పలేదు. కానీ ఆ ప్రయాణంలో సోకిన మలేరియాతో అక్టోబరు 1న కన్నుమూశాడు. జాన్సెన్ మాత్రం ప్రయాణాలు మానలేదు. 1870లో శత్రుసేన చుట్టుముట్టిన పారిస్ నుంచి బెలూన్‌లో బయటపడి గ్రహణం కోసం అల్జీరియా చేరాడు. తీరా అక్కడ మబ్బు పట్టింది. 1871 డిసెంబరు 12 గ్రహణానికి మళ్ళీ భారతదేశం వచ్చి నీలగిరుల్లో చూశాడు.

సొంత డబ్బుతో ఆకాశం

తెలుగు నేలలో ఆకాశ పరిశీలన విద్యకు పునాది వేసినవారు చాలావరకు జీతం లేని ఆసక్తిపరులే. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించాడు. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి.టేలర్ దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించాడు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టిన అబ్జర్వేటరీయే తర్వాత నిజామియా అయింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. దాని ఎనిమిది అంగుళాల ఫోటో దూరదర్శినితో అంతర్జాతీయ ఆకాశపటం కోసం లక్షల నక్షత్రాల స్థానాలు నమోదయ్యాయి.

వనపర్తికి వెళ్ళిన రఘునాథాచారి కూడా ఈ వరుసలో చెప్పుకోవలసినవాడే. ఆయనది ప్రభుత్వోద్యోగమే అయినా, దృగ్గణిత పంచాంగం వెలువరించి, ఆ శుక్ర సంక్రమణం మీద దేశభాషల్లో చిన్న పుస్తకం రాసి, తన విద్యను సామాన్యులకు చేర్చాలని తపించాడు. ఆకాశంలో కనిపించేదానికీ పంచాంగంలో రాసినదానికీ తేడా ఉంటే పంచాంగాన్నే దిద్దుకోవాలన్నది ఆయన పట్టు.

నిజామియాలో ఉద్యోగి కొడుకైన వేణు బాప్పు హైదరాబాదు ఆకాశం కిందే చదువుకునే వయసులో నక్షత్రాలను పరిశీలించడం మొదలుపెట్టాడు. 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడయ్యాడు. 1980 నాటికి దేశంలోని ప్రధాన ఖగోళ సంస్థకు అధిపతిగా గ్రహణ యాత్రలు నడిపాడు.

1980 ఫిబ్రవరి 16

స్వాతంత్ర్యం తర్వాత తెలుగు ప్రాంతాల మీదుగా సాగిన పెద్ద పూర్ణగ్రహణం ఇది. నీడ అంకోలా దగ్గర తీరం తాకి, రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలు దాటి పూరీ వైపు వెళ్ళింది. హైదరాబాదు దాపున ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ పట్టీలోనే ఉండటంతో, 1968 నుంచి 48 అంగుళాల దూరదర్శిని ఉన్న ఆ కొండ ఆ రోజు పరిశోధకులకు కేంద్రమైంది. మధ్యాహ్నం మూడుముప్పావు ప్రాంతంలో రెండు నిమిషాలకు కాస్త పైగా చీకటి పడింది. నూజివీడు మాత్రం ఈసారి పట్టీకి దక్షిణాన, వెలుపల ఉండిపోయింది. తోటలు పూత, పిందె మీదుండే కాలంలో అక్కడ సూర్యుడు సన్నని వంపుగా మిగిలాడు. సంపూర్ణ చీకటి మాత్రం అందలేదు. దేశమంతటా చాలామంది భయంతో తలుపులు వేసుకున్న రోజు కూడా అదే. తర్వాతి తరం వలంటీర్లు గ్రహణానికి ముందే బడులకు వెళ్ళి పిల్లలకు కళ్ళజోళ్ళు పంచడానికి, గ్రహణ వేళ అందరితో కలిసి తినడానికి పూనుకున్నారంటే, ఆ ఖాళీ వీధుల జ్ఞాపకం కూడా ఒక కారణమే అనాలి.

మామిడి నీడలో చంద్రవంకలు

నూజివీడులో ఇటీవలి సూర్యగ్రహణాలన్నీ పాక్షికాలే, ఉదాహరణకు 2010 జనవరి 15న కనుమ నాడు, 2019 డిసెంబరు 26 ఉదయం, 2020 జూన్ 21న. పాక్షిక గ్రహణం చూడటానికి తోటను మించిన చోటు లేదు. ఆకుల సందులు ఒక్కొక్కటి సూదిబెజ్జం కెమెరాగా పనిచేసి, నేల మీద పడే ప్రతి వెలుగు చుక్కనూ సూర్యుడి బొమ్మగా మారుస్తాయి. మామూలు రోజున గుండ్రంగా ఉండే చుక్కలు గ్రహణవేళ వందల చంద్రవంకలవుతాయి. చిక్కగా పెరిగిన కొమ్మ కంటే కత్తిరింపు చేసిన చెట్టు నీడలో ఇవి బాగా కనిపిస్తాయి. తెల్ల గుడ్డ పరిచి సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. ఖర్చు లేదు, కంటికి ప్రమాదం లేదు.

సూర్యుడినే నేరుగా తీయాలంటే లెన్సు ముందు వెలుగును లక్షో వంతుకు తగ్గించే సోలార్ ఫిల్టర్ కావాలి. దాన్ని కెమెరా వైపు కాక ఆకాశం వైపు అమర్చాలి. లేకపోతే లెన్సు వేడిని పోగుచేసి లోపలి భాగాలను కాలుస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు, నల్లని కళ్ళజోళ్ళు, మసి పూసిన గాజు కంటికి రక్షణ కావు. 14వ నంబరు వెల్డింగు గాజు పనికొస్తుంది. పాక్షిక గ్రహణంలో ఒక్క క్షణమైనా ఫిల్టర్ తీయకూడదు. సంపూర్ణ స్థితిలో మాత్రమే తీయాలి, సూర్యుడి అంచు వజ్రపుటుంగరంలా మళ్ళీ మెరవగానే పెట్టెయ్యాలి. సంపూర్ణ స్థితిలో సూర్యుడి చుట్టూ కనిపించే కరోనా వెలుగు అంచుకు దగ్గర ఎక్కువ, దూరానికి పోయేకొద్దీ వేల వంతులు తక్కువ. అందుకే సెకనులో వెయ్యో వంతు నుంచి ఒకటి రెండు సెకన్ల దాకా వరుసగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో కలుపుతారు.

ధ్రువకాంతులు

నూజివీడు భూఅయస్కాంత అక్షాంశం పది డిగ్రీల లోపే. సూర్యుడి నుంచి వచ్చిన కణాలను అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్ళిస్తుంది కాబట్టి ఇక్కడ ధ్రువకాంతి దాదాపు అసాధ్యం. అయితే 1872 ఫిబ్రవరి 4 నాటి అయస్కాంత తుపానులో అది బొంబాయి దాకా కనిపించినట్టు నమోదైంది. 2024 మే 10, 11 రాత్రుల్లో లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారడాన్ని అక్కడి అబ్జర్వేటరీ కెమెరాలు పట్టాయి. తెలుగువారిలో ధ్రువకాంతుల వేట ఎక్కువగా విదేశాల్లో స్థిరపడ్డవారిది. ఆ ఏడాది అమెరికాలో వారికి అరుదైన కలయిక దక్కింది. తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్న డాలస్ మీదుగా ఏప్రిల్ 8న మూడున్నర నిమిషాలకు పైగా పూర్ణగ్రహణం సాగింది. నెల తిరిగేసరికి టెక్సాస్ ఆకాశంలో కూడా ధ్రువకాంతి కెమెరాలకు చిక్కింది.

గుంటూరులో జాన్సెన్‌కు తట్టిన ఆలోచన ఇప్పుడు అంతరిక్షానికి చేరింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లోని కరోనాగ్రాఫ్ సూర్యబింబాన్ని లోపలే మూసి, గ్రహణం లేకుండా కరోనాను చూస్తుంది. ఇక 1868 నాటి గ్రహణం పద్దెనిమిదేళ్ళ పదకొండు రోజులకోసారి తిరిగొచ్చే సారోస్ వరుసలో ఒకటి. దాని ఇటీవలి రూపం, అక్కడి తేదీ ప్రకారం 2012 నవంబరు 14న, ఆస్ట్రేలియాలోని కెయిన్స్‌లో కనిపించింది. తర్వాతిది 2030 నవంబరు 25న ఆఫ్రికా దక్షిణ భాగం, ఆస్ట్రేలియాల మీదుగా వెళుతుంది. భారతదేశంలో మళ్ళీ పూర్ణగ్రహణం 2034 మార్చి 20న, కశ్మీరు, లడఖ్ ప్రాంతాల్లో. నూజివీడులో ఆ సాయంత్రం కనిపించేది పాక్షికమే.