పాత జీపుల పునరుద్ధరణ

పాత జీపును విడదీసి, అరిగిన భాగాలను బాగుచేసి, వీలైనంతవరకు తొలి రూపానికి తీసుకురావడాన్ని జీపు పునరుద్ధరణ అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కులు, లేత్, టింకరింగ్ పనివారు, విడిభాగాల దుకాణాలు ఒకేచోట ఉన్నాయి. అందువలన విడదీయడం, శుభ్రపరచడం, బిగించడం ఇంటివద్దనే చేసుకొని, యంత్రాలు అవసరమైన పనులను అక్కడ చేయించుకొనవచ్చును.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డు సంస్థలు 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందడం వలన ఇవి బురదలోను, ఇసుకలోను నడువగలవు. భారతదేశంలో మహీంద్రా సంస్థ 1940వ దశకం చివరలో విల్లీస్ జీపుల కూర్పును ఆరంభించింది.

విధానం

ముందుగా ఛాసిస్, ఇంజను నంబర్లను రిజిస్ట్రేషన్ పత్రంతో సరిచూడాలి. విప్పిన బోల్టులను భాగాలవారీగా వేరుచేసి ఉంచాలి. కృష్ణా డెల్టాలో వరిచేల బురద ఛాసిస్ సందులలో చేరి తేమను పట్టి ఉంచుతుంది. తీరగ్రామాలలో ఉప్పుగాలి కూడా తోడై తుప్పు త్వరగా పడుతుంది. కనుక రంగు వేయకముందే తుప్పుపట్టిన రేకును కత్తిరించి, కొత్త రేకు అతికించాలి. సిలిండర్లు అరిగితే బోరు చేయించి, ఆ కొలతకు సరిపోయే పిస్టన్లు, రింగులు వేయాలి. పెట్రోలు ట్యాంకును ఇంటివద్ద వెల్డింగ్ చేయరాదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి కూడా పేలగలదు. బ్రేకులు, స్టీరింగ్ పరీక్షించిన తరువాతనే వాహనాన్ని రోడ్డుపైకి తేవాలి.

నియమాలు

కేంద్ర మోటారు వాహన నియమాలకు 2021లో చేసిన సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరాలు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేని వాహనాన్ని వింటేజి వాహనంగా నమోదు చేయించుకొనవచ్చును. ఇట్లు నమోదైన వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. పెట్రోలు జీపునకు డీజిల్ ఇంజను అమర్చినచో ఈ గుర్తింపునకు అడ్డంకి కాగలదు. కాబట్టి పాత ఇంజనును మార్చుటకు ముందు, దానిని బాగుచేయగల అవకాశాన్ని పరిశీలించడం మేలు.